ముందుగా ఒకటో తరగతి: మహమ్మారి కాలంలో గోదావరి జిల్లాల బడి



ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా పెట్టింది కాదు. కోవిడ్ కాలంలో గోదావరి జిల్లాల్లో మనం పోగొట్టుకున్న ఉపాధ్యాయుల జ్ఞాపకార్థం వారితో కలిసి పనిచేసినవాళ్లు ఏర్పాటు చేసుకున్నది. 2021 ఏప్రిల్, మే నెలల గురించి ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, మార్చిలో మున్సిపల్ ఎన్నికలు, ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలు. వాటికి పోలింగ్ డ్యూటీలు చేసింది మనవాళ్లే, ఆ డ్యూటీల నడుమ పాఠాలు చెప్పిందీ మనవాళ్లే. ఆ తర్వాత కొన్ని వారాలు పొద్దున్నే ఫోను మోగితే తీయడానికి చెయ్యి రాలేదు. అందుచేత, “పిల్లలకేం కాదు, బడులు తెరిచేయండి” అని తేలిగ్గా అనేయడం ఈ వేదిక మీద కుదరదు. బడిలో పిల్లలతోపాటు మాష్టార్లుంటారు, టీచరమ్మలుంటారు, వంట చేసేవాళ్లుంటారు, మరుగుదొడ్లు కడిగే ఆయాలుంటారు. సాయంత్రం పిల్లలు వెళ్లేది తాతయ్య, నానమ్మ ఉన్న ఇంటికి.

ఇదంతా తెలిసే ఒక మాట చెప్పడానికి వచ్చాను. మళ్లీ ఇలాంటి రోజే వస్తే, ఊళ్లో అన్నీ మూసిన తర్వాతే బడి మూయాలి. తెరిచేటప్పుడు అన్నిటికన్నా ముందు బడి తెరవాలి. ఆ బడిలోనూ పదో తరగతి కన్నా ముందు ఒకటో తరగతి గది తెరవాలి. మనం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఎందుకలా జరిగిందో, దాని ఫలితం ఈ డెల్టా పిల్లల మీద ఎలా పడిందో, వేరేగా ఎలా చేసి ఉండొచ్చో చెబుతాను.

ముందు తేదీలు. 2020 మార్చి 19 నుంచి రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. పదో తరగతి పరీక్షలు వాయిదా పడి, జూన్ 20న రద్దయ్యాయి. నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకూ ఇంటర్‌కూ తలుపులు తెరిచారు, అదీ రోజు మార్చి రోజు, ఒంటిపూట. తర్వాత ఎనిమిది, ఆ తర్వాత ఆరు, ఏడు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు బడి ముఖం చూసింది 2021 ఫిబ్రవరి 1న. అంటే పదిన్నర నెలలు. వాళ్లు సుమారు పదకొండు వారాలు కూర్చున్నారో లేదో రెండో అల వచ్చిపడింది. ఏప్రిల్ 20 నుంచి మళ్లీ మూత. ఆగస్టు 16న మళ్లీ తెరవడం. పొరుగున తెలంగాణలో ప్రాథమిక తరగతులకు ఆ మధ్యలో పదకొండు వారాలు కూడా దక్కలేదు. 2020 మార్చిలో మూసిన గది 2021 సెప్టెంబర్ 1న గానీ తెరవలేదు. ఆ లెక్కన మన రాష్ట్రం కొంత ముందే కదిలింది. దేశం మొత్తంగా చూస్తే మాత్రం ప్రపంచంలో ఎక్కువకాలం బడులు మూసిన దేశాల్లో మనదొకటి.

ఆనాడు భయానికి కారణం లేదని నేననను. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు వచ్చిన జిల్లా. 2020 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో రోజుకు వెయ్యికి పైగా నమోదైన రోజులున్నాయి. అదే ఆగస్టులో గోదావరి కూడా పొంగింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఒకరికొకరు ఎడంగా ఉండమని ఒకవైపు చెబుతూ, ఇంకోవైపు అందరినీ ఒకే పునరావాస కేంద్రంలోకి చేర్చాల్సిన పరిస్థితి ఈ జిల్లాలది. డెల్టాలో ఆ కేంద్రం అంటే చాలా ఊళ్లలో బడే. తుఫానొచ్చినా బడే, వరదొచ్చినా బడే. ఊరికి గట్టి కప్పు అదే గనక, పెద్దల ఏ ఆపదకైనా మొదట ఖాళీ చేయించేది పిల్లల్నే.

మూసిన ఆ నెలల్లో ఏమీ జరగలేదనుకుంటే తప్పు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు చేరాయి. చాలామంది ఉపాధ్యాయులు తమ ఫోన్లలోనే వాట్సాప్ గ్రూపులు పెట్టి లెక్కలు చేయించారు. కొందరు ఊళ్లకు వెళ్లి రామాలయం అరుగు మీదో, కొబ్బరితోటలోనో నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని చదివించారు. నేను పనిచేసిన లంక ఊరి హైస్కూల్లో పిల్లలు కొందరు పంటు మీద ఏరు దాటి వచ్చేవాళ్లు. ఆ రేవు దగ్గర ఒకమ్మ నాతో అన్న మాట ఇది: “మా పిల్లకి ఫోనుందండి మాష్టారూ, కాకపోతే అది వాళ్ల నాన్న పట్టుకెళ్తాడండి. సాయంత్రం ఆయనొచ్చేసరికి మీ పాఠం అయిపోద్ది, ఛార్జింగూ అయిపోద్ది.” ఆన్‌లైన్ చదువు మీద ఎన్నో సభల్లో విన్నాను. నాకు మాత్రం ఆ సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో అర్థమైంది. ఇంట్లో ఒకే ఫోను, అదీ పనికెళ్లేవాడి జేబులో. ఇద్దరు పిల్లలుంటే ఫోను అబ్బాయికి, అంట్లు అమ్మాయికి.

ఇక 2020 నవంబర్ సంగతి. బడులు తెరిచిన మూడు రోజులకే దేశమంతా ఒక వార్త తిరిగింది: ఆంధ్రప్రదేశ్‌లో 262 మంది విద్యార్థులకు, 160 మంది దాకా ఉపాధ్యాయులకు కోవిడ్. చాలా రాష్ట్రాలు తెరవాలా వద్దా అని తటపటాయిస్తున్న రోజులవి. ఈ వార్త చూపించి “చూశారా, ఏమైందో” అన్నారు. అప్పటి పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు గారు, తూర్పు గోదావరి మన్యంలో పుట్టిన రచయిత, నింపాదిగా ఒక లెక్క చెప్పారు. ఆ రోజుకి బడికి వచ్చిన పిల్లలు దాదాపు నాలుగు లక్షలు, అందులో 262 అంటే వెయ్యికి ఒకరు కూడా కారు. లక్షా పదకొండు వేల మంది ఉపాధ్యాయుల్లో 160 కూడా పెద్ద సంఖ్య కాదు.

ఆ లెక్కకు నేనొకటి కలుపుతాను, జీవశాస్త్రం చెప్పినవాణ్ణి గనక. వైరస్ సోకాక పరీక్షలో బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. సోమవారం బడికి వచ్చిన పిల్లవాడికి గురువారం పాజిటివ్ వచ్చిందంటే, అది చాలావరకు బడి అంటించిన జబ్బు కాదు. ఇంట్లోనో, పెళ్లిలోనో, సంతలోనో ముందే అంటుకున్నది. బడి చేసిందల్లా దాన్ని కనిపెట్టడం. పరీక్షలు చేయకపోతే ఆ పిల్లలు అలాగే ఊళ్లో తిరిగేవాళ్లు, ఎవరికీ తెలిసేది కాదు. పట్టుకోగలిగిన చోటునే ప్రమాదమున్న చోటు అనుకున్నాం. ఆ ఒక్క పొరపాటు వల్ల చిన్నపిల్లల తరగతులు ఇంకా వెనక్కి జరిగాయి.

ఎవరికి ముందు తెరవాలన్నదే అసలు ప్రశ్న. 2020 ఏప్రిల్ 15న యూరప్‌లో మొదటగా బడులు తెరిచిన డెన్మార్క్ ఎవరిని పిలిచింది? శిశు తరగతుల వాళ్లనీ, ఐదో తరగతి దాకా చదివే పిల్లల్నీ. పెద్ద పిల్లల్ని ఇంటి దగ్గరే చదువుకోమంది. చిన్నవాళ్లని చిన్న జట్లుగా చేసి, వీలైనంతసేపు ఆరుబయటే పాఠాలు చెప్పించింది. చిన్నపిల్లలకు ఈ జబ్బు తీవ్రంగా రావడం తక్కువ, వాళ్లు ఇంట్లో ఉంటే తల్లి పనికి వెళ్లలేదు, అన్నిటికీ మించి అక్షరం ఫోనులో నేర్చుకునేది కాదు. మన దగ్గర కూడా 2021 జూలైలో నాలుగో సీరో సర్వే ఫలితాలు చెబుతూ ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ ఇదే అన్నారు: తెరవాలంటే ప్రాథమిక పాఠశాలలు ముందు తెరవడం తెలివైన పని. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలున్నాయని ఆ సర్వేలో తేలింది. అంటే వాళ్లని ఇంట్లో కట్టి ఉంచినా వైరస్ వాళ్లని చేరనే చేరింది. చేరంది పలక ఒక్కటే.

మరి మనం పదో తరగతి ముందు ఎందుకు తెరిచాం? పరీక్ష ఉంది గనక. బడి అంటే పరీక్షకు సిద్ధం చేసే చోటు అన్న అభిప్రాయం మన తల్లిదండ్రుల్లో, అధికారుల్లో, మనలో కూడా ఎంత లోతుగా పాతుకుందో ఆ క్రమమే చెబుతుంది. పదో తరగతి పిల్లవాడికి పుస్తకం చదవడం వచ్చు. రెండు నెలలు ఆలస్యమైనా అందుకోగలడు. ఒకటో తరగతి పిల్లకి ఇంకా ‘అ’ రాయడం రాదు, ఇంట్లో నేర్పేవాళ్లు లేరు. అవసరం ఎవరిది ఎక్కువో చూసి ఉంటే వరస మారేది.

పరీక్ష మాట వచ్చింది గనక 2021 జూన్ 24 గుర్తుచేసుకోవాలి. దాదాపు అన్ని రాష్ట్రాలూ పన్నెండో తరగతి పరీక్షలు రద్దు చేసుకున్నాక కూడా మన రాష్ట్రం ఇంటర్ పరీక్షలు పెడతానంది. సుప్రీంకోర్టులో జస్టిస్ ఖాన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరి ధర్మాసనం సూటిగా ప్రశ్నలు వేసింది. గదికి పదిహేను మంది చొప్పున కూర్చోబెడితే ముప్పై నాలుగు వేలకు పైగా గదులు కావాలి, ఎక్కడున్నాయి? ఒక్క ప్రాణం పోయినా బాధ్యత ఎవరిది? ఆ సాయంత్రమే పరీక్షలు రద్దయ్యాయి. గదులెన్ని, గదికి ఎంతమంది, గాలి ఎలా వస్తుంది అన్న ప్రశ్నలు మామూలు రోజుల్లో ఏ పరీక్షకూ, ఏ తరగతికీ ఎవరూ వేయరు. మహమ్మారి వచ్చాక ఢిల్లీలో ఒక న్యాయస్థానం వేయాల్సి వచ్చింది.

గాలి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పిల్లల భద్రత అంటే మనం శానిటైజర్ సీసా, థర్మల్ గన్ అనుకున్నాం. గేటు దగ్గర నుదుటికి గన్ను పెట్టి, చేతిలో రెండు చుక్కలు వేసి, లోపల కిటికీలు మూసిన గదిలో కూర్చోబెట్టాం. ఈ వైరస్ ముఖ్యంగా ఊపిరితో బయటికొచ్చే సన్నటి తుంపరల్లో గాలిలో నిలిచి వ్యాపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ఒప్పుకోవడానికే ఏడాదికి పైగా పట్టింది. జపాన్ మాత్రం మొదటి నుంచీ మూడు విషయాలే చెప్పింది: మూసిన గది వద్దు, గుంపు వద్దు, మొహంలో మొహం పెట్టి మాట్లాడటం వద్దు. బల్లలు తుడవడం కన్నా కిటికీ తీయడం పెద్ద పని.

డెల్టా బడిలో కిటికీ తీయడం అనుకున్నంత తేలిక కాదు. 2021 ఫిబ్రవరిలో మా బడిలో గదులు చూసుకుంటూ వెళ్తే సగం కిటికీలు కదల్లేదు. వానకి ఉబ్బిపోయిన చెక్క రెక్కలు, ఉప్పు గాలికి తుప్పు పట్టిన గడియలు, జల్లు కొడుతుందని ఎప్పుడో మేకులు కొట్టేసిన పడమటి వైపువి. ఒక గదిలో కిటికీకి అడ్డంగా బీరువా. ఊళ్లో వడ్రంగిని పిలిచి ఆ రెక్కలు చిత్రిక పట్టించి, గడియలకు నూనె వేయించి, బీరువా పక్కకు జరిపేసరికి గది మారిపోయింది. ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఏటిగట్టు మీంచి వచ్చే గాలి గదిలో ఒకవైపు దూరి రెండోవైపు పోతుంది. ఫ్యాను ఆ పని చేయదు. ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, మార్చదు. గదిలో గాలి ఎంత నిలిచిపోయిందో తెలుసుకోవాలంటే కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరం చాలు, కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ఆరుబయట అది పది లక్షలకు నాలుగు వందల పైచిలుకు ఉంటే, తలుపులేసిన గదిలో నలభై మంది కూర్చుంటే రెండు వేలు దాటిపోతుంది. మండలానికి ఒకటి కొని బడి బడికీ తిప్పినా సరిపోయేది.

ఇంకో విషయం అప్పుడు గమనించాను. అందరూ మాస్కు తీసేసే వేళ ఒకటుంది, అది భోజనం వేళ. తరగతిలో దూరం దూరంగా కూర్చున్న పిల్లలు కంచం పట్టుకుని ఒకే వరసలో ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. మా డ్రిల్లు మాష్టారు వరండాలోనూ వేపచెట్టు కిందా సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఒక్కో తరగతికి వేర్వేరు గంట కొట్టించారు. వంటచేసే ఆమె వడ్డించడానికి గిన్నెలు పట్టుకుని గుండ్రాల దగ్గరికే వెళ్లేది. ఉత్తర్వుల్లో అంత వివరం ఎక్కడా లేదు. ఉత్తర్వులు ‘భౌతిక దూరం పాటించాలి’ అన్నాయి. ఆ మాటను సుద్దగీతగా మార్చింది ఒక మాష్టారూ, వంటింటి ఆమే.

బడి మూయకుండా నడపడం కొత్త ఆలోచనేం కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని ఊపేసినప్పుడు న్యూయార్క్, షికాగో నగరాలు బడులు మూయలేదు. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ వాదన సూటిగా ఉంది: పేదల పిల్లలు ఉండేది ఇరుకు గదుల్లో, వాళ్లకి ఇంటికన్నా బడే శుభ్రమైన చోటు, అక్కడ రోజూ చూసే నర్సు ఉంటుంది. ఆ నగరాల్లో అప్పటికే బడి నర్సుల వ్యవస్థ ఉంది. మన హైస్కూళ్లలో నర్సు లేదు. ఏఎన్‌ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది, వాళ్లు ఊరంతా తిరుగుతారు. 2020కి ముందే వారానికి ఒక పూట వాళ్లు బడిలో కూర్చునే అలవాటుండి ఉంటే, తల్లులు పిల్లల్ని బడికి పంపడానికి అంత జంకేవాళ్లు కాదు.

హాస్టళ్ల గురించి చెప్పకుండా గోదావరి జిల్లాల చదువు గురించి మాట్లాడలేం. 2021 మార్చి మూడో వారం దాటాక రాజమహేంద్రవరం శివారు కాతేరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఒకరికి జ్వరం వస్తే పరీక్షలు మొదలుపెట్టారు. కొద్దిరోజుల్లో వందకు మించి విద్యార్థులకు పాజిటివ్ వచ్చింది. రెండో అల మన జిల్లాను తాకిందని చాలామందికి తెలిసింది అలాగే. ఆ సంస్థ పేరు చెప్పను. అది ఒక్కరి సంగతి కాదు, మన జిల్లాల్లో ఏ హాస్టల్లోనైనా జరగగలిగేదే. ఒకే హాల్లో రెండంతస్తుల మంచాలు, దోమలొస్తాయని సాయంత్రం ఆరు నుంచే కిటికీలు బిగించడం, తెల్లవారుజామున స్టడీ అవర్, ఒకే మెస్సు, ఒకే వరస కుళాయిలు. పగటిబడి పిల్లవాడు ఆరేడు గంటలు ఆ గాలి పీలుస్తాడు, హాస్టల్ పిల్లవాడు ఇరవై నాలుగు గంటలు. అయినా ఏప్రిల్ 20న మూతపడిన వాటిలో ఊళ్లో గాలి వెలుతురు ధారాళంగా వచ్చే రెండు గదుల ప్రాథమిక పాఠశాల కూడా ఉంది. కాతేరు హాస్టల్నీ లంకలో ఇరవై మంది పిల్లలున్న ఎలిమెంటరీ స్కూలునీ ఒకే కళ్లతో చూశాం. నా బాధ అక్కడే.

ఆగస్టు 16కి వద్దాం. 2021లో ఆ రోజు బడులు తిరిగి తెరుచుకుంది కూడా మన డెల్టా నుంచే. పి.గన్నవరం మండలం పోతవరం జిల్లా పరిషత్ హైస్కూల్లో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి బడులను బాగుచేసే ‘నాడు-నేడు’ పథకం తొలిదశ పనులను ప్రజలకు అంకితమిచ్చారు. పదిహేను వేల ఏడు వందలకు పైగా బడులు, 3,669 కోట్ల రూపాయలు. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు. రాజకీయంగా ఎవరేమన్నా, చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేని బడిలో కోవిడ్ జాగ్రత్తలు గోడమీద రాసుకోవడానికి తప్ప పనికిరావు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు అప్పుడిచ్చిన అమ్మ ఒడి డబ్బుల్లో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకు తీసి, ఆయాలను పెట్టి నెలకు ఆరు వేలు ఇవ్వడం కూడా నా దృష్టిలో ఆరోగ్య రక్షణే. కాకపోతే ఆ ఆరు వేలు నెలనెలా సమయానికి అందకపోతే కుళాయి ఉన్నా లేనట్టే. ఆ రోజు నిబంధన గదికి ఇరవై మందికి మించకూడదని. ఉపాధ్యాయులు అప్పటికి చాలామంది టీకా వేయించుకున్నారు. ఐదేళ్ల లోపు పిల్లల తల్లులకు కూడా ఆ జూన్‌లో ప్రత్యేకంగా టీకాలు వేశారు. పిల్లవాడికి టీకా లేనప్పుడు వాడి చుట్టూ ఉన్న పెద్దలకు వేయడమే వాడి రక్షణ. ఆ పని సరైన వరసలో జరిగింది.

2022 జనవరిలో మూడో అల వచ్చినప్పుడు తెలంగాణ నెలాఖరు దాకా సెలవులు పొడిగించింది. మన రాష్ట్రం సంక్రాంతి తర్వాత 17న తెరిచింది. విమర్శలు చాలా వచ్చాయి. ఆ నిర్ణయం సరైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పెద్దలకు టీకాలున్నాయి, 15 ఏళ్లు దాటిన పిల్లలకు జనవరి 3 నుంచి మొదలయ్యాయి. కేసొచ్చిన బడిని, కేసొచ్చిన తరగతిని కొద్దిరోజులు ఆపి, మిగిలినవి నడపడం మనం అప్పుడే నేర్చుకున్నాం. ఏడాది ముందే అది నేర్చుకోవడానికి మనకి అడ్డమేమీ లేదు.

ఇక మూసినందుకు కట్టిన మూల్యం. 2019లో మన రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. తర్వాత రెండేళ్లు పరీక్షల్లేవు. 2022లో రాసినవాళ్లలో పాసైంది 67.26 శాతం. రెండు లక్షల మంది తప్పారు. వాళ్లు ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మూశారు, తొమ్మిది సగం చదివారు, పదిలోకి ఆగస్టులో వచ్చారు. ఫలితాల రోజు టీవీలు తప్పెవరిదని వాదించుకున్నాయి. నా విద్యార్థుల్లో ఇద్దరు ఆ ఏడాదే రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి కుదిరారు. సప్లిమెంటరీకి ఫీజు కడదామని వెళ్తే ఒకడు మొహమాటంగా నవ్వి, “ఇంకెందుకులెండి మాష్టారూ, నెలకి పది వేలొత్తన్నాయండి” అన్నాడు.

పదో తరగతి నష్టం కంటికి కనబడింది. చిన్నవాళ్లది కనబడలేదు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం 2018లో మన గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దాదాపు 60 శాతం. 2022లో 36 శాతం. దేశమంతా తగ్గింది గానీ ఇంత తగ్గిన రాష్ట్రాలు కొన్నే. అదే సంవత్సరం జూన్‌లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. రెండేళ్ల తర్వాత బడికి అలవాటుపడుతున్న పిల్లల్ని మళ్లీ కదిలించారు. మ్యాపులో కిలోమీటరు అంటే డెల్టాలో ఒక కాలువ, ఒక చప్టా, ఒక్కోచోట ఒక రోడ్డు దాటడం. ఎనిమిదేళ్ల పిల్లని ఒంటరిగా పంపడానికి తల్లి ఎందుకు తటపటాయిస్తుందో జీవో రాసినవాళ్లకి తెలియలేదు.

ఇప్పుడు మళ్లీ ఎప్పుడో వచ్చే రోజు గురించి. ఈ జిల్లాలకు ఆపదను కొలిచే పద్ధతి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఏ లంక ఖాళీ చేయాలో, ఏ పంటు ఆపాలో, పశువుల్ని గట్టెక్కించడం ఎప్పుడో ఊళ్లో ముసలమ్మకి కూడా తెలుసు. నీళ్లు తీస్తే హెచ్చరిక ఉపసంహరించారని అంతే స్పష్టంగా చెబుతారు. భద్రాచలంలో వరద వచ్చిందని కాకినాడలో షాపులు మూయరు. 2020లో బడికి అలాంటి కొలబద్ద లేదు. మూయడానికి ఒక ప్రకటన చాలింది. తెరవడానికి ఏ అంకె ఎంతకు దిగాలో ఎక్కడా రాసి లేదు. వాయిదా మీద వాయిదా, పత్రికలో వచ్చేదాకా ప్రధానోపాధ్యాయుడికీ తెలియదు, తల్లికీ తెలియదు.

బడికి కూడా మూడు హెచ్చరికలు రాసుకోవాలి. వాటిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిని బట్టి నిర్ణయించాలి, రాష్ట్రాన్ని బట్టి కాదు. ఆ కేంద్రంలో పరీక్ష చేసిన వందమందిలో ఎందరికి జబ్బు తేలింది, దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో మంచాలు ఎన్ని నిండాయి, ఆ బడి సిబ్బందిలో ఎందరు మంచాన పడ్డారు, ఈ మూడూ చూస్తే చాలు. మొదటి హెచ్చరికకు కిటికీలు, ఆరుబయట భోజనం, జలుబు చేసినవాళ్లు ఇంటి దగ్గర. రెండోదానికి హాస్టళ్లు పలచబడాలి, పెద్ద తరగతులు రోజు మార్చి రోజు రావాలి, చిన్న తరగతులు యథాతథంగా నడవాలి. పెద్దవయసు, మధుమేహం, గుండెజబ్బు ఉన్న ఉపాధ్యాయులకు బడి బయటి పని ఇవ్వాలి, ఎన్నికల డ్యూటీ అసలు వేయకూడదు. మూడోదానికి ఆ ఊరి బడి మాత్రమే మూయాలి. మూసిన రోజే, ఏ అంకె దగ్గర తిరిగి తెరుస్తారో నోటీసు బోర్డు మీద రాయాలి. వారం వారం తల్లిదండ్రుల కమిటీ, ఏఎన్‌ఎం, ప్రధానోపాధ్యాయుడు కూర్చుని ఆ అంకె చూడాలి. తెరిచిన రోజు మొదట లోపలికి అడుగుపెట్టేది ఒకటి, రెండు తరగతులు.

ఇదంతా అప్పుడు చూసుకోవచ్చులే అంటే కుదరదు. కిటికీ రెక్కలు ఇప్పుడే చిత్రిక పట్టాలి. వరద సమయంలో బడిని ఖాళీ చేయకుండా ఊరికి వేరే ఆశ్రయ భవనం ఇప్పుడే కట్టాలి. లంకల్లో పిల్లలకు పంటు ఆగిపోతే పాఠం చెప్పడానికి ఆ ఒడ్డున ఎవరుంటారో ఇప్పుడే రాసిపెట్టాలి.

ఇంకో పని అంతకన్నా తొందరది. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలున్నారు. వాళ్ల మొదటి తరగతి 2021 ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్‌లో అయిపోయింది. ఆ పిల్లలు 2025 జూన్‌లో ఆరో తరగతిలోకి వచ్చారు. మన హైస్కూళ్లలోనే ఉన్నారు, ఇవాళ, ఈ గంటలో. ఆరో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచి ఒక పేజీ చదవమనండి. ఎవరు ఆగిపోతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్లలో కొందరు వత్తుల దగ్గర ఆగుతారు, కొందరు గుణింతం దగ్గరే. వాళ్లని మందబుద్ధులని ఎవరూ అనవద్దు. వాళ్ల దగ్గరికి ఒకటో తరగతి సరిగ్గా రాలేదు, అంతే. రోజూ మొదటి పీరియడ్‌కి ముందు అరగంట, వారి కోసం విడిగా, కిటికీలు తెరిచిన గదిలో, చదవడం వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లల సాయంతో మొదలుపెట్టవచ్చు. దానికి జీవో అక్కర్లేదు. ఈ సభ ముగిశాక బయట టీ తాగుతూ మండలాల వారీగా ప్రధానోపాధ్యాయులు ఒకచోట నిలబడితే, ఎవరి బడిలో సోమవారం నుంచి మొదలవుతుందో ఇవాళే తేలిపోతుంది. నేనూ అక్కడే ఉంటాను.